పగటి నిద్రకు మీరే వేళ పెట్టండి: నార్కోలెప్సీతో రోజు నడపడం ఎలా

పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు నార్కోలెప్సీ. అది ఉన్నవాళ్లకు ఇంటా బయటా వినబడే మాట ఒకటే: "కాస్త ఆపుకోరాదా!" దాహాన్ని ఎంతసేపు ఆపుకోగలరో ఈ నిద్రనీ అంతసేపే ఆపుకోగలరు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చోట కొన్ని కణాలు హైపోక్రెటిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. దీన్నే ఒరెక్సిన్ అని కూడా అంటారు. మనిషి మెలకువ తూగకుండా నిలబడేది దాని వల్లే. నవ్వితే ఒళ్లు సడలిపోయే రకం నార్కోలెప్సీలో ఆ కణాలు చాలావరకు నశించిపోయి ఉంటాయి. ఈ రసాయనాన్ని 1998లో కనుక్కున్నారు, రోగుల మెదళ్లలో అది లేదని 2000లో తేలింది. అంతకుముందు తరాలవాళ్లు సోమరిపోతులనిపించుకుని బతికి వెళ్లిపోయారు.

పోయిన కణాలను తిరిగి తెచ్చే మందు లేదు. కానీ రోజును మన చేతిలోకి తెచ్చుకునే దారి ఉంది. నిద్ర ముంచుకొచ్చేదాకా కూర్చోకుండా, అది రాకముందే గడియారం చూసి మీరే వెళ్లి పడుకోవాలి. కింద చెప్పే మాత్ర, తిండి, ప్రయాణం, పని అన్నీ ఈ ఒక్క పద్ధతి చుట్టూనే తిరుగుతాయి.

ఇది నార్కోలెప్సీయేనా?

పగలు నిద్రొచ్చిన ప్రతివాళ్లకీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. రాత్రి గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవాళ్లు, రక్తహీనత ఉన్నవాళ్లు, థైరాయిడ్ తగ్గినవాళ్లు, జలుబుకని రోజూ సిట్రిజిన్ మింగేవాళ్లు, పైడిభీమవరం కంపెనీల్లోనో జూట్ మిల్లులోనో వారానికో షిఫ్టు మారేవాళ్లు, వీళ్లంతా పగలు తూగుతారు. అందుకే ముందు హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, షుగర్ చూపించుకోండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస వైపు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్లవాళ్లయితే క్రియాటినిన్ తప్పనిసరి. కిడ్నీ దెబ్బతిన్నా మగతగానే ఉంటుంది. దాన్ని నిద్ర జబ్బనుకుని కాలయాపన చేస్తే నష్టం పెద్దది.

నార్కోలెప్సీ అని అనుమానించాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. సాధారణంగా 10 నుంచి 30 ఏళ్ల మధ్య మొదలవుతుంది. రాత్రి ఏడెనిమిది గంటలు పడుకున్నా పగలు నిద్ర అలలా వచ్చి ముంచేస్తుంది. పావుగంట కునుకు తీస్తే ముఖం కడుక్కున్నంత తేటగా లేస్తారు, రెండు మూడు గంటలకు మళ్లీ మొదలు. పకపకా నవ్వినప్పుడో, ఉలిక్కిపడినప్పుడో మోకాళ్లు ముడుచుకుపోవడం, దవడ జారడం, చేతిలో గ్లాసు పడిపోవడం ఉంటే అనుమానం బలపడుతుంది. నిద్రలోకి జారేటప్పుడో లేచేటప్పుడో ఒళ్లు కదలక, గదిలో ఎవరో ఉన్నట్టు కనబడడం కూడా దీని లక్షణమే. మన ఊళ్లలో "గుండెల మీద దెయ్యం కూర్చుంది" అనేది చాలాసార్లు ఇదే. కలలొచ్చే నిద్రలో ఒళ్లు కదలకుండా మెదడు కట్టేస్తుంది. ఆ కట్టు ఊడకముందే మెలకువ వస్తే కల, గది కలిసిపోయి కనిపిస్తాయి. తాయెత్తు కట్టించినందుకు ఎవరినీ తప్పుపట్టడం లేదు, కానీ డాక్టరుకు చూపించడం మాత్రం వాయిదా వేయకండి.

మరో గుర్తు నోటు పుస్తకంలో దొరుకుతుంది. పిల్లలు రాస్తూ రాస్తూ ఉండగా అక్షరాలు వంకరపోయి, చివరికి గీతలా జారిపోతాయి. చెయ్యి కదులుతూనే ఉంటుంది, మనిషి నిద్రలో ఉంటాడు. పెద్దవాళ్లయితే పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తారు. బండి మీద ఎచ్చెర్ల దాటిన సంగతి గుర్తుంటుంది, రణస్థలం ఎలా వచ్చిందో గుర్తుండదు.

డాక్టరు దగ్గరకు ఏం పట్టుకెళ్లాలి

రెండు వారాల నిద్ర లెక్క రాయండి. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నిసార్లు లేచారు, పొద్దున ఎన్నింటికి లేచారు, పగలు ఎక్కడ ఏ పనిలో ఉండగా నిద్రపోయారు, ఎంతసేపు, లేచాక తేటగా ఉందా మత్తుగా ఉందా, కాఫీ టీలు ఎన్ని, ఎప్పుడు. ఒక రోజుకు ఒక వరుస చాలు. ఒళ్లు సడలడం ఉంటే ఇంట్లోవాళ్లు సెల్‌ఫోన్లో వీడియో తీసి ఉంచాలి. డాక్టరు గదిలో వంద మాటలు చెప్పినా తేలనిది ఆ అర నిమిషం వీడియో తేల్చేస్తుంది. ఎందుకంటే దీన్ని ఫిట్స్ అనుకుని ఏళ్ల తరబడి మూర్ఛ మందులు వాడినవాళ్లు ఉన్నారు.

నిద్రమత్తును కొలిచే ఎప్‌వర్త్ అనే పట్టిక ఉంది. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, నలుగురిలో ఊరికే కూర్చున్నప్పుడు, గంటసేపు బండిలో ప్రయాణించినప్పుడు, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు, ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు, భోజనం తర్వాత, ట్రాఫిక్‌లో బండి ఆగినప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాలకు కునుకు పట్టే అవకాశాన్ని బట్టి 0 నుంచి 3 మార్కులు వేసుకోవాలి. మొత్తం 24. 10 దాటితే డాక్టరును కలవాలి.

శ్రీకాకుళం రిమ్స్‌లోనో విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో ముందు జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్లి, న్యూరాలజీకి పంపమని రాయించుకోండి. విశాఖ కేజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. తేల్చే పరీక్ష రెండు భాగాలు. రాత్రంతా నిద్రను నమోదు చేసేది ఒకటి, మర్నాడు పగలు రెండేసి గంటల ఎడంతో ఐదుసార్లు పడుకోబెట్టి ఎంత త్వరగా నిద్రపడుతుందో చూసేది రెండోది. రాత్రి పరీక్ష ఒక్కటే చేసే చోట్లు ఉన్నాయి, అది గురక జబ్బుకు పనికొస్తుంది గానీ దీనికి చాలదు. అందుకే డబ్బు కట్టేముందు "మర్నాటి పగటి పరీక్ష, ఎమ్‌ఎస్‌ఎల్‌టీ, చేస్తారా" అని ఫోన్‌లో అడిగి తెలుసుకోండి. ఐదు కునుకుల్లో సగటున 8 నిమిషాల్లోపే నిద్రపట్టి, కనీసం రెండుసార్లు 15 నిమిషాల్లోపు కలల నిద్ర వస్తే నార్కోలెప్సీ వైపు తేలుతుంది. మామూలు మనిషికి కలల నిద్ర రావడానికి సుమారు గంటన్నర పడుతుంది.

ఈ పరీక్ష చెడిపోయేది ఎక్కువగా మన వైపు పొరపాట్లతోనే. తలకు నూనె రాసుకుని వెళితే తీగలు అంటవు, కాబట్టి ముందురోజు తలంటుకుని నూనె రాయకుండా వెళ్లండి. ముందు వారం రెండు వారాలు రోజూ ఒకే వేళకు, చాలినంత నిద్రపోవాలి. నిద్ర కరువుతో వెళితే ఆరోగ్యవంతుడికి కూడా ఐదు నిమిషాల్లో నిద్రపడుతుంది, ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. పరీక్ష రాత్రి ఆరు గంటలైనా నిద్రపట్టి ఉండాలి. ఆ రోజు కాఫీ, టీ వద్దు. డిప్రెషన్‌కు వాడే మాత్రలు చాలావరకు కలల నిద్రను అణిచేస్తాయి, వాటి మీద ఉండగా పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా లేనట్టు వస్తుంది. మామూలుగా వాటిని రెండు వారాల ముందు ఆపిస్తారు, కొన్నింటిని ఇంకా ముందే. అయితే ఎంత ముందు, ఎలా ఆపాలో డాక్టరే చెప్పాలి. సొంతంగా ఆపేస్తే కుప్పకూలే ప్రమాదం ఉంది.

కునుకు: ఎప్పుడు, ఎంత, ఎలా

మందు కన్నా ముందు దీన్ని సరిచేసుకోండి. ఇది ఖర్చు లేనిది, అందుకే ఎవరూ పట్టించుకోరు.

నిద్ర లెక్క చూస్తే రోజులో మీరు పడిపోయే వేళలు కనిపిస్తాయి. చాలామందికి పదిన్నర పదకొండు మధ్య ఒకటి, భోజనం తర్వాత ఒకటి, సాయంత్రం నాలుగూ ఐదూ మధ్య ఒకటి. వాటిలో బలమైన రెండింటిని పట్టుకుని, నిద్ర వచ్చే వేళకు 15 నుంచి 20 నిమిషాల ముందు పడుకోండి. ఒంటిగంటన్నరకు కూలిపోయే మనిషి ఒంటిగంటా పదికే పడుకోవాలి. నిద్ర వచ్చాక పడుకుంటే అప్పటికే అరగంట పని చెడిపోయి ఉంటుంది.

అలారం 20 నిమిషాలకు. పడుకోగానే పట్టకపోతే 25 పెట్టుకోండి, అరగంట దాటనివ్వకండి. దాటితే గాఢనిద్రలోకి దిగిపోతారు, లేచాక గంటసేపు తల బరువుగా ఉంటుంది, రాత్రి నిద్రా చెడుతుంది. ఫోన్‌ను చేతికందని చోట, స్టూలు మీదో కిటికీలోనో పెట్టండి. అందుబాటులో ఉంటే నిద్రలోనే ఆపేస్తారు, ఆపినట్టు గుర్తు కూడా ఉండదు. పడక మీద పూర్తిగా చాచి పడుకోవడం కన్నా వాలుకుర్చీలోనో, గోడకు దిండు ఆనించి చాప మీదనో పడుకుంటే లేవడం తేలిక. కరెంటు పోయిన ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల ఇంట్లో ఎవరికీ కునుకు పట్టదు. వేపచెట్టు కిందో, గాలి తగిలే అరుగు మీదో చోటు ముందే చూసుకోండి. లేవగానే చన్నీళ్లతో ముఖం కడుక్కుని ఐదు నిమిషాలు వెలుతురులో నడవండి.

కాఫీ అలవాటున్నవాళ్లు చిన్న కప్పు తాగి వెంటనే కన్ను మూయొచ్చు. కాఫీ పని మొదలయ్యేసరికి కునుకు పూర్తవుతుంది. మధ్యాహ్నం రెండున్నర తర్వాత మాత్రం వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. అసలే ఈ జబ్బులో రాత్రి నిద్ర ముక్కలు ముక్కలుగా ఉంటుంది.

క్రమం తప్పకుండా కునుకు తీసినా తేటగా లేవలేకపోతున్నారంటే, అది డాక్టరుకు తప్పక చెప్పాల్సిన విషయం. జబ్బు వేరేది కావచ్చు.

మాత్రల సంగతి

పగటి మెలకువకు ఎక్కువగా ఇచ్చేది మోడాఫినిల్, లేదా ఆర్మోడాఫినిల్. మోడాఫినిల్ మామూలుగా రోజుకు 100 మి.గ్రా.తో మొదలుపెట్టి 200కు తెస్తారు. పూర్తి బలం రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది. పొద్దున లేవడమే కష్టమైనవాళ్లు డాక్టరును అడిగి ఇలా చేయొచ్చు: తలగడ పక్కన మాత్ర, నీళ్లు పెట్టుకుని ఐదింటికి అలారం, మింగి మళ్లీ పడుకోవడం, ఆరున్నరకు రెండో అలారం. మాత్ర ప్రభావం సగం తగ్గడానికే 12 నుంచి 15 గంటలు పడుతుంది. అందువల్ల పొద్దున మరిచిపోయి మధ్యాహ్నం తర్వాత గుర్తొస్తే ఆ రోజుకు వదిలేయండి, మర్నాడు రెండు కలిపి వేసుకోకండి.

మొదటి వారంలో తలనొప్పి బాగా కనిపించేది. నీళ్లు ఎక్కువ తాగితే కొందరికి తగ్గుతుంది. తలనొప్పికని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రోజూ కొనుక్కోకండి. ఉద్దానంలో ఈ హెచ్చరిక రెండింతలు వర్తిస్తుంది, అవి కిడ్నీలను నలిపేస్తాయి. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే మోడాఫినిల్ ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నెలకోసారి ఊళ్లో ఏఎన్‌ఎమ్ దగ్గర బీపీ చూపించుకుని రాసి పెట్టుకోండి.

ఆడవాళ్లకు చాలాచోట్ల చెప్పకుండా వదిలేసే విషయం ఇది. మోడాఫినిల్ వాడుతుండగా గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు. మాలా-ఎన్ వేసుకుంటున్నా గర్భం రావచ్చు. మోడాఫినిల్ ఆపాక కూడా ఒక నెల ఇదే పరిస్థితి. కాపర్-టీకి ఈ ఇబ్బంది లేదు. పిల్లలు కావాలనుకుంటే గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడండి, ఈ మందు గర్భంలో మంచిది కాదు.

ఒళ్లు సడలడం తగ్గడానికి వెన్లాఫాక్సిన్ లాంటివి ఇస్తారు. వీటిని ఒక్కసారిగా ఆపితే సడలడం మునుపటికన్నా ఎక్కువై, గంటల తరబడి వరసగా రావచ్చు. "బాగానే ఉందిగా" అని ఆపేవాళ్లకు, పండగకు ఊరెళ్లి మందుల చీటీ మరిచిపోయేవాళ్లకు జరిగేది ఇదే. తుపాను రోజుల్ని గుర్తుపెట్టుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, దారులు మూసుకుపోయాయి. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఇంట్లో 15 రోజుల మాత్రలు ఎప్పుడూ అదనంగా ఉండాలి, తడవని డబ్బాలో.

తేలు కుడితే ఇచ్చే ప్రాజోసిన్ ఒళ్లు సడలడాన్ని పెంచగలదు. దాన్ని వద్దనకండి, తేలు విషానికి అది ప్రాణం కాపాడే మందు. "నాకు నార్కోలెప్సీ ఉంది" అని మాత్రం చెప్పండి. ఆపరేషన్ ఏదైనా ఉంటే మత్తు డాక్టరుకూ ఇదే మాట చెప్పాలి.

తిండి

పళ్లెం నిండా అన్నం తిన్నాక మామూలు మనుషులకే కళ్లు మూతపడతాయి. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి ఆ లోటు పప్పు, చేప, గుడ్డు, కూరతో నింపండి. మిగతా సగం నాలుగింటికి తినండి. పొద్దున చోడి అంబలి, ఉల్లిపాయ మంచిదే గానీ ఒక్క లోటాతో ఆపి, పదింటికి ఉడకబెట్టిన ఉలవలో వేరుశనగలో గుప్పెడు తినండి. ఈ జబ్బు ఉన్నవాళ్లు త్వరగా బరువు పెరుగుతారు, పెరిగితే గురక వచ్చి నిద్ర ఇంకా చెడుతుంది. కల్లు, సారా పూర్తిగా మానాలి. పెళ్లి భోజనం తప్పనప్పుడు ముందు కునుకు, తర్వాత భోజనం.

ఒళ్లు సడలినప్పుడు ఇంట్లోవాళ్లు చేయాల్సింది

మనిషి కూలినా స్పృహ ఉంటుంది. మీరు మాట్లాడుకునేదంతా వినబడుతుంది, అందుకే మాట జాగ్రత్త. తల నేలకు కొట్టుకోకుండా పట్టుకుని, పక్కకు తిప్పి కూర్చోబెట్టండి లేదా పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, ముఖాన నీళ్లు కొట్టడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు. గొంతు కండరాలు కూడా సడలి ఉంటాయి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సాధారణంగా కొన్ని సెకన్ల నుంచి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. స్పృహ పోయి, కొట్టుకుని, నాలుక కరుచుకుంటే అది ఫిట్స్. వెంటనే 108కి ఫోన్ చేయండి.

నవ్వించి చూద్దామని పిల్లలు ఆటపట్టిస్తారు, దాన్ని గట్టిగా ఆపించండి. అలా ఆటపట్టించబడిన పిల్ల కొన్నాళ్లకు నవ్వడమే మానేస్తుంది. నవ్వొచ్చేటప్పుడు గోడకు ఆనుకోవడం, కూర్చోవడం నేర్పితే చాలు.

రాత్రి ఒళ్లు బిగుసుకుపోయేవాళ్లు వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోండి. ఆ సమయంలో మొత్తం ఒళ్లు కదపాలని పెనుగులాడకుండా కళ్లను, ఒక్క చిటికెన వేలిని కదపడానికి చూడండి. పక్కనున్నవాళ్లు మూలుగు విని భుజం తడితే చాలు, కట్టు వీడిపోతుంది.

నీళ్లు, నిప్పు, ఎత్తు, బండి

చెరువులో, నాగావళిలో, వంశధారలో, సముద్రంలో ఒంటరిగా దిగొద్దు. మోకాలి లోతులో కూడా మనిషి మునిగిపోవచ్చు. కొబ్బరిచెట్టు ఎక్కే పని, బావి గట్టు మీద నిలబడి తోడే పని ఇంకొకరికి అప్పగించండి. సిరిమానోత్సవం రోజు విజయనగరంలో మేడల పిట్టగోడలెక్కి చూడకుండా కింద కూర్చునే చోటు చూసుకోండి. ఆ జనంలో ఉద్వేగంతోనే కాళ్లు సడలగలవు. గంజి వార్చడం, నూనె మూకుడు పొద్దుటి మాత్ర పనిచేసే వేళల్లో మాత్రమే పెట్టుకోండి. ఈ జబ్బు ఉన్న తల్లి బిడ్డకు నేల మీద, ఒళ్లో దిండు పెట్టుకుని పాలివ్వాలి. నీళ్లు పోసేటప్పుడు ఇంకో మనిషి పక్కన ఉండాలి.

జీడిపిక్కలు కోసే యంత్రం, నూర్పిడి యంత్రం, ట్రాక్టరు దగ్గర పనిచేసేవాళ్లు కునుకు తీసి లేచాకే వాటి ముందుకు వెళ్లాలి. ఒళ్లు సడలడం ఇంకా అదుపులోకి రాకపోతే అసలు వెళ్లకూడదు.

బండి విషయంలో మేము ఎలాంటి సడలింపూ ఇవ్వం. మందు కుదిరి, నిద్రా సడలడమూ అదుపులో ఉన్నాయని డాక్టరు చెప్పేదాకా మోటారు సైకిలు కూడా నడపొద్దు. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1లో హఠాత్తుగా స్పృహ తప్పడం, తల తిరగడం గురించి అడుగుతారు. జబ్బు సంగతి దాచకుండా చెప్పండి. డాక్టరు సరేనన్నాక కూడా కునుకు తీసిన గంటలోపు దూరాలకే వెళ్లండి. కిటికీ తెరవడం, పాటలు పెట్టడం నిద్రను ఆపవు. కన్ను బరువెక్కితే హైవే పక్కన పెట్రోలు బంకులో ఆపి పడుకోవడం ఒక్కటే దారి.

బస్సులో తలుపు పక్క సీటు వద్దు, ఎక్కగానే కండక్టరుకు దిగే ఊరు చెప్పి లేపమనండి. రైల్లో గుమ్మం దగ్గర నిలబడొద్దు. విశాఖ నుంచి ఆమదాలవలసకు వచ్చేవాళ్లు గడియారాన్ని నమ్మకండి, బండి ఆలస్యమైతే అలారం వృథా. చీపురుపల్లిలో లేపమని పక్కవాళ్లకు చెప్పి, పొందూరు వచ్చేసరికి సామాను చేతిలో ఉంచుకోండి.

బడి, పని, పెళ్లి

తెల్లవారుజామున ఐదింటికి లేపి రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టే హాస్టల్లో ఈ పిల్లలు నిలవలేరు. చేర్చేముందే ప్రిన్సిపాల్‌కు డాక్టరు ఉత్తరం ఇచ్చి మూడు అడగండి: మధ్యాహ్నం 20 నిమిషాల కునుకు, రాత్రి పదింటికల్లా పడక, క్లాసులో నిలబడి రాసుకునే అనుమతి. లెక్కలు, ఫిజిక్స్ లాంటివి కునుకు తర్వాతి గంటలో, తేలికవి మిగతా వేళల్లో. పరీక్ష రోజు హాలులోకి వెళ్లేముందు పావుగంట కునుకు, చివరి చదువుకన్నా ఎక్కువ మార్కులు తెస్తుంది.

ఉద్యోగమైతే షిఫ్టు మారనిది, నిలబడి తిరిగేది, మనుషులతో మాట్లాడేది మంచిది. యజమానికి జబ్బు పేరుకన్నా ముందు ఏం కావాలో చెప్పండి: "రోజుకు రెండుసార్లు 20 నిమిషాలు కావాలి, ఆ 40 నిమిషాలు సాయంత్రం చేసేస్తాను." ఈ లెక్క అర్థమైనంతగా హైపోక్రెటిన్ అర్థం కాదు.

పెళ్లి సంబంధం కుదిరేముందే చెప్పాలి. దాచి చేసిన పెళ్లిలో కోడలు మధ్యాహ్నం పడుకున్న మొదటి రోజే "పుట్టింట్లో పని నేర్పలేదు" అన్న మాట పడుతుంది, తర్వాత జబ్బని చెప్పినా ఎవరూ నమ్మరు. నిద్ర లెక్క, పరీక్ష కాగితాలు చూపించి, అబ్బాయినీ అత్తగారినీ ఒకసారి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ప్రమాదాల సంగతి, కునుకు వేళలు డాక్టరు నోట విననివ్వండి.

పర్సులో ఒక చిన్న చీటీ ఎప్పుడూ ఉంచుకోండి. దాని మీద తెలుగులో ఇంత రాస్తే చాలు: "నాకు నార్కోలెప్సీ ఉంది. ఇది మూర్ఛ కాదు, తాగుడు కాదు. నాకు వినబడుతుంది. నీళ్లు పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాల్లో లేవకపోతే 108." కింద వాడే మాత్రల పేర్లు, ఇంటి ఫోన్ నంబరు.